పాత సివిక్‌లో ఏ హోండా ఇంజను? బీ సిరీస్ నుంచి కే24 దాకా ఒక పోలిక

మా తమ్ముడి కొడుకు ఆస్టిన్‌లో చదువుకుంటున్నాడు. పోయిన చలికాలం 1998 సివిక్ ఎల్‌ఎక్స్ ఒకటి కొని, వారం తిరక్కుండానే ఫోను చేశాడు.

"పెదనాన్నా, ఇంజను మార్చేద్దామనుకుంటున్నాను. కే24 బ్లాకు మీద కే20 హెడ్డు. అందరూ అదే పెట్టమంటున్నారు."

"అందరూ అంటే ఎవరురా?"

"వీడియోల్లో."

కే20, కే24 అనేవి హోండా ఇంజన్ల పేర్లు. బ్లాకంటే సిలిండర్లూ పిస్టన్లూ ఉండే కింది భాగం, హెడ్డంటే వాల్వులుండే పై భాగం. వాడి బండిలో ఉన్నది 1.6 లీటర్ల ఇంజను, 106 హార్స్‌పవర్. బండి బరువు టన్నుకు కొంచెం పైన. దాంట్లో 200 హార్స్‌పవర్ పెడితే ఎలా పరిగెడుతుందో నాకు తెలుసు, అందుకే వద్దనలేదు. కానీ వాడు అడిగిన కలగాపులగం ఇంజను వాడికి అవసరమా అన్నది వేరే ప్రశ్న. రెండు గంటలు మాట్లాడుకున్న తర్వాత తేలిందేమిటంటే, వాడికి హెడ్డు గురించి అంతా తెలుసు, ఆయిల్ పంపు గురించి ఏమీ తెలియదు. ఈ రాత అందుకే. హోండా ఇంజన్ల తరాలను పోల్చి, ఒకదాని భాగాలు ఇంకొకదానికి ఎక్కడ నప్పుతాయో, ఆ శ్రమ ఎవరికి గిట్టుబాటవుతుందో నాకు తెలిసినంత మేర చెబుతాను.

బీ సిరీస్: పాత ఇంట్లో పాత చుట్టం

1989లో హోండా ఇంటెగ్రాలో వచ్చిన బీ16ఏ ఇంజనుతోనే వీటెక్ పేరు మోగింది. అధిక ఆర్‌పీఎంలో వాల్వులను ఇంకా ఎత్తుగా, ఎక్కువసేపు తెరిచే ఏర్పాటే వీటెక్. 1.6 లీటర్లు, 160 హార్స్‌పవర్. టర్బో లేకుండా లీటరుకు వంద! ఆ వరసలో చివరి మెరుపు ఇంటెగ్రా టైప్-ఆర్‌లోని బీ18సీ5. 1.8 లీటర్లతో 195 హార్స్‌పవర్, అదీ 8000 ఆర్‌పీఎం దగ్గర. తొంభైల నాటి సివిక్‌లో బీ సిరీస్ దాదాపు సొంత ఇంజనులాగే కూర్చుంటుంది. మౌంట్లు, యాక్సిల్స్, గేర్‌బాక్సు అన్నీ హోండా అప్పట్లో తయారుచేసినవే దొరుకుతాయి. చిక్కల్లా ధర. మంచి టైప్-ఆర్ ఇంజను ఇప్పుడు సేకరణదారుల చేతుల్లోకి వెళ్లిపోయింది. తుక్కు యార్డులో అలాంటిది దొరుకుతుందని ఆశపడకండి.

దాంతో పుట్టిన బీదవాడి ఉపాయమే ఎల్‌ఎస్-వీటెక్. మామూలు ఇంటెగ్రాలోని బీ18బీ బ్లాకు తీసుకుని, దాని మీద బీ16 లేదా బీ18సీ హెడ్డు కూర్చోబెట్టడం. బీ18బీ స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం) 89 మి.మీ., బీ18సీ స్ట్రోకు 87.2 మి.మీ. అంటే ఘనపరిమాణం కాస్త ఎక్కువే వస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, మొదటి తరం సీఆర్-వీలోని బీ20 బ్లాకు వాడతారు. బోరు (సిలిండర్ వ్యాసం) 84 మి.మీ., దాదాపు రెండు లీటర్లు. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది.

బ్లాకు దగ్గరికి వస్తే కథ మారుతుంది. వీటెక్ లేని బ్లాకులో వీటెక్‌కు నూనె అందించే దారి ఉండదు. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ దగ్గర నుంచి బయటి గొట్టం వేసి హెడ్డుకు నూనె తీసుకెళ్లాలి. హెడ్డును సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల రంధ్రాలు పెద్దవి చేయాలి. టైప్-ఆర్ తరహా బ్లాకులో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కింద ఉండే బలపట్టీ ఇందులో ఉండదు. పిస్టన్ల అడుగున నూనె చిమ్మే జెట్లు ఉండవు. రాడ్డు (పిస్టనును క్రాంకుకు కలిపేది) బోల్టులు ఆరేడు వేల ఆర్‌పీఎం వరకు నడిచే ఇంజనుకు చేసినవి. వాటిని మార్చకుండా 8000కు లాగితే రాడ్డు ఒకరోజు బ్లాకు గోడలోంచి బయటికి తొంగి చూస్తుంది. బీ20 విషయంలో ఇంకో భయం, పెద్ద బోరు వల్ల స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) గోడలు పలచన. వేడి, అధిక ఆర్‌పీఎం రెండూ కలిస్తే పగుళ్లిస్తాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మీ దగ్గర ఇప్పటికే మంచి బీ సిరీస్ గేర్‌బాక్సు, హెడ్డు ఉంటే ఎల్‌ఎస్-వీటెక్ కట్టుకోండి, 7500 దగ్గర పరిమితి పెట్టుకోండి. అన్నీ కొత్తగా కొనాల్సిన వాళ్లు ఈ దారి తొక్కనక్కర్లేదు.

కే సిరీస్‌లో ఏది ఏది

2001లో వచ్చిన కే సిరీస్ అన్ని విధాలా వేరే జాతి. బీ సిరీస్ క్రాంకు తిరిగే దిశకు ఇది వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అందువల్ల పాత గేర్‌బాక్సు పనికిరాదు. ఎగ్జాస్టు ముందువైపు కాక, డ్యాష్‌బోర్డు గోడ వైపు ఉంటుంది. టైమింగ్ బెల్టు పోయి చైను వచ్చింది. వీటెక్‌కు తోడు, ఇంటేక్ క్యామ్‌ను (గాలి లోపలికొచ్చే వాల్వులను తెరిచే ఇరుసును) నడుస్తుండగానే ముందుకూ వెనక్కూ జరిపే వీటీసీ చేరింది.

కే అనే అక్షరం చూసి మోసపోవద్దు. ఒకే పేరు కింద రెండు రకాల హెడ్లున్నాయి. మొదటి రకం పొదుపు హెడ్డు. 2002 నుంచి 2006 వరకు వచ్చిన సీఆర్-వీలోని కే24ఏ1, అదే కాలపు అకార్డ్, ఎలిమెంట్ బండ్లలోని కే24ఏ4, మామూలు అక్యూరా (హోండా వారి ఖరీదైన బ్రాండు) ఆర్‌ఎస్‌ఎక్స్‌లోని కే20ఏ3 ఈ కోవలోవి. వీటిలో వీటెక్ ఉందని మూత మీద రాసి ఉంటుంది, కానీ అది చేసే పని వేరు. తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కో సిలిండర్‌కు ఒక ఇంటేక్ వాల్వును దాదాపు మూసి ఉంచి, కాస్త వేగం పుంజుకోగానే దాన్ని కూడా తెరుస్తుంది. అంతే. ఎగ్జాస్టు వైపు వీటెక్ అసలు లేదు. అందరూ చెప్పుకునే ఆ రెండో ఊపు ఇందులో రాదు. ఎందుకంటే ఎత్తైన లోబు (వాల్వును నెట్టే గుబ్బ) క్యామ్ మీద లేనే లేదు.

రెండో రకం అసలైన హెడ్డు. ఇంటేక్, ఎగ్జాస్టు రెండు వైపులా మూడేసి లోబులు. ఆర్‌ఎస్‌ఎక్స్ టైప్-ఎస్‌లోని కే20ఏ2, 2006–2011 సివిక్ ఎస్‌ఐలోని కే20జెడ్3, 2004–2008 అక్యూరా టీఎస్‌ఎక్స్‌లోని కే24ఏ2 ఈ కోవలోవి.

అంకెలు చూద్దాం. కే20ఏ2 ఇచ్చేది 200 హార్స్‌పవర్, 7400 ఆర్‌పీఎం దగ్గర. టార్కు సుమారు 193 నూటన్ మీటర్లు, అదీ 6000 దగ్గర. కే20జెడ్3 ఇచ్చేది 197 హార్స్‌పవర్, టార్కు దాదాపు 188. టీఎస్‌ఎక్స్ కే24ఏ2 కూడా 200 హార్స్‌పవరే ఇస్తుంది, కానీ 6800 దగ్గరే ఇస్తుంది, టార్కు 225 నూటన్ మీటర్లు 4500 దగ్గరే అందుతుంది. హార్స్‌పవర్ ఒకటే అయినా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర, ఎత్తు ఎక్కేటప్పుడు, హైవేలోకి చేరేటప్పుడు ఈ రెండు ఇంజన్లూ వేరువేరు బండ్లు. కే20 మిమ్మల్ని గేరు తగ్గించమని పదేపదే అడుగుతుంది. కే24 అడగదు. 2006 నుంచి టీఎస్‌ఎక్స్‌కు ఇంటేక్ వాల్వులు, థ్రాటిల్ బాడీ కొంచెం పెద్దవి చేసి 205కు తీసుకెళ్లారు. దొరికితే అది తీసుకోండి. దొరక్కపోతే దానికోసం నెలలు ఆగకండి.

ఇక్కడ నా సొంత భంగపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట డాలస్ శివార్లలోని ఒక యార్డులో టీఎస్‌ఎక్స్ ఇంజను అని చెప్పి ఒకటి అమ్మారు. ఇంటేక్ మానిఫోల్డు టీఎస్‌ఎక్స్‌దే, పైన మూత కూడా అదే. ఇంటికి తెచ్చి, ఇంజను స్టాండుకు బిగించి, ట్యాపెట్ కవర్ విప్పాను. ఎగ్జాస్టు క్యామ్ మీద ఒక్కో సిలిండర్‌కు రెండేసి లోబులు. మూడుండాల్సిన చోట రెండు. గేర్‌బాక్సు కలిసే చోట బ్లాకు మీద మసి తుడిచి చూస్తే కే24ఏ1 అని పొడిచి ఉంది. సీఆర్-వీ ఇంజనుకు టీఎస్‌ఎక్స్ టోపీ పెట్టారన్నమాట. వెనక్కి తీసుకోలేదు. డబ్బులిచ్చే ముందు ఆ ముద్ర చూడాలి, నూనె పోసే మూత దగ్గర సరిపెట్టుకోకుండా ట్యాపెట్ కవర్ తీసి చూడాలి. పది బోల్టులకు బద్ధకిస్తే జరిగేది ఇదే.

పొడుగు స్ట్రోకు, పిస్టను పరుగు

కే20 బోరు 86, స్ట్రోకు 86 మి.మీ. చదరపు ఇంజను. కే24 బోరు 87, స్ట్రోకు 99. ఘనపరిమాణం 1998 నుంచి 2354 సీసీకి పెరిగింది, దాదాపు అంతా స్ట్రోకు వల్లే. దీనికి చెల్లించే మూల్యం పిస్టను వేగం. కే24 పిస్టను 7100 ఆర్‌పీఎం దగ్గర సగటున సెకనుకు 23.4 మీటర్లు పరుగెడుతుంది. అదే వేగం అందుకోవడానికి కే20 దాదాపు 8170 తిరగాలి. కే24ను 8000కు తీసుకెళ్తే పిస్టను వేగం 26.4 మీటర్లు. కే20ని 9200 తిప్పినంత శ్రమ ఆ రాడ్ల మీద పడుతుంది. అందుకే "కే20 ఎనిమిది వేలు తిరుగుతుంది కదా, కే24 ఎందుకు తిరగదు" అనే వాదన నా దగ్గర చెల్లదు.

పొడుగు స్ట్రోకుకు చోటివ్వడానికి బ్లాకు కూడా ఎత్తయింది. క్రాంకు మధ్య నుంచి బ్లాకు పైతలం దాకా కే20లో 212 మి.మీ., కే24లో 231.5. తేడా 19.5 మి.మీ. చిన్నదే అనిపిస్తుంది. పాత సివిక్ బానెట్ మూసే రోజున అది చిన్నది కాదని తెలుస్తుంది. టైమింగ్ చైను, దాని గైడ్లు, ముందు కవర్ అన్నీ ఆ ఎత్తుకు తగ్గవే కావాలి. కే20 హెడ్డు తెచ్చి కే24 మీద పెట్టినా చైను, కవర్ మాత్రం కే24వే వాడాలి.

అసలు గుట్టు ఆయిల్ చాంబర్‌లో ఉంది

టీఎస్‌ఎక్స్ ఇంజనును తిరగేసి ఆయిల్ చాంబర్ విప్పితే, క్రాంకు కింద ఇటుకంత అల్యూమినియం పెట్టె ఒకటి కనిపిస్తుంది. ఆయిల్ పంపు, రెండు బ్యాలెన్స్ షాఫ్టులు కలిపి ఒకే గూట్లో ఉంటాయి. పొడుగు స్ట్రోకు నాలుగు సిలిండర్ల ఇంజను సహజంగా కంపిస్తుంది. ఆ కంపనం క్రాంకు ఒకసారి తిరిగితే రెండుసార్లు వస్తుంది. దాన్ని అణచడానికి ఈ షాఫ్టులు క్రాంకుకు రెట్టింపు వేగంతో, ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరుగుతాయి. కుటుంబంతో వెళ్లే కారులో ఇది మంచి ఏర్పాటు. స్టీరింగ్ మీద చెయ్యి పెడితే ఇంజను ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు అదే ఇంజనును 8200 తిప్పారనుకోండి. ఆ షాఫ్టులు 16400 తిరుగుతాయి, నూనె మధ్యలో. మజ్జిగ చిలికినట్టే. నూనె నురగగా మారుతుంది, నురగను పంపు సరిగ్గా నెట్టలేదు, బేరింగుకు నూనెతో పాటు గాలి అందుతుంది. బేరింగు ఎక్కువ సేపు ఓర్చుకోదు. ఇంజను పోయిన తర్వాత చాలామంది రాడ్డును, ట్యూనింగును తిడతారు. చాంబర్ విప్పి చూస్తే రాగి రంగు పొడి చెప్పే కథ వేరే.

దీనికి విరుగుడు టైప్-ఎస్ పంపు. కే20ఏ2లో బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. ఉన్నది ఉత్త పంపు, తేలిక. దాన్ని కే24 కింద బిగించడం ఎందరో చేసిన పనే. అయితే పంపు ఒక్కటే కొని ఊరుకుంటే కుదరదు. దాని చైను, టెన్షనర్, గైడు కూడా దానివే తీసుకోవాలి. క్రాంకు కింద ఉండే నూనె పళ్లెం అడ్డొచ్చిన చోట కోయాలి. బ్లాకును బట్టి అంచు ఒకటి గ్రైండ్ చేయాల్సి రావచ్చు. తీసేసిన షాఫ్టుల వైపు వెళ్లే నూనె దారి తెరిచి ఉంటే దాన్ని మూసేయాలి. ఈ ఆఖరి మాట మరిచిపోయినవాళ్లు ఉన్నారు. ఇంజను స్టార్టవుతుంది, ప్రెషర్ మాత్రం రాదు. ఇప్పుడు పని సులువు చేసే కిట్లు దొరుకుతున్నాయి, అందులో మూతపలకలు వస్తాయి.

ఈ మార్పు తర్వాత ఐడిల్‌లో సీటు కింద సన్నని వణుకు తెలుస్తుంది. నాకది ఇబ్బంది అనిపించలేదు. మా ఆవిడ మాత్రం మొదటి రోజే "బండికి జ్వరమా?" అని అడిగింది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండి అయితే, 7100 దాటనని ఒట్టు పెట్టుకోగలిగితే, పంపు ముట్టుకోవద్దు. దాటతారా, మిగతా ఏ భాగం కన్నా ముందు దీని మీద ఖర్చు పెట్టండి.

కలిపి కట్టే ఇంజను ఎవరికి

ఇప్పుడు మావాడు అడిగిన అసలు ప్రశ్న. కే24 బ్లాకు, కే20 హెడ్డు. దీన్ని రెండుగా విడదీసి చూడాలి.

మీ చేతిలో ఉన్నది సీఆర్-వీ లేదా అకార్డ్ పొదుపు ఇంజను అయితే, టైప్-ఎస్ హెడ్డు పెట్టడం అర్థవంతమే. కింద టార్కునిచ్చే పొడుగు స్ట్రోకు, పైన ఊపిరి బాగా పీల్చే హెడ్డు. రెండూ కలిస్తే 160 హార్స్‌పవర్ ఇంజను స్వరూపమే మారిపోతుంది. పొదుపు బ్లాకులు తుక్కు యార్డుల్లో ఇప్పటికీ కుప్పలుగా ఉంటాయి. అయితే వాటి పిస్టన్లు గుంటగా ఉంటాయి, అసలు కంప్రెషన్ (పిస్టను గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే నిష్పత్తి) 9.6, 9.7 దగ్గరే. టీఎస్‌ఎక్స్‌ది 10.5, కే20ఏ2ది 11. కాబట్టి పాత పిస్టన్లతో హెడ్డు మార్చి ఆగితే సగం పనే అయినట్టు.

మీ చేతిలో టీఎస్‌ఎక్స్ ఇంజనే ఉంటే, కే20 హెడ్డు కోసం డబ్బు తగలేయకండి. టీఎస్‌ఎక్స్ హెడ్డు దానికేమీ తీసిపోదు. ఆ డబ్బుతో క్యామ్‌లు, వాల్వు స్ప్రింగులు, పంపు వస్తాయి. టీఎస్‌ఎక్స్ మీద కే20 హెడ్డు పెట్టుకున్నవాళ్లలో చాలామంది పేరు కోసం పెట్టుకున్నారని నా అనుమానం.

క్యామ్ మార్చినా, హెడ్డు మార్చినా, పిస్టన్లు మార్చినా, ఒక పరీక్ష తప్పదు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు పిస్టనుకు తగులుతుందా? పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి చాలు. పిస్టను తల మీద వాల్వు గుంటల్లో మట్టి అద్ది, పైన కాస్త నూనె రాసి, పాత గాస్కెట్‌తో హెడ్డు బిగించి, టైమింగ్ కట్టి, క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మళ్లీ హెడ్డు ఎత్తి, వాల్వు అచ్చు పడిన చోట మట్టిని బ్లేడుతో కోసి, పలచనైన చోటును వెర్నియర్‌తో కొలవాలి. ఇంటేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్టు వైపు 2.5 మి.మీ. తగ్గకూడదన్నది పాతకాలపు లెక్క. నేను దాన్నే పట్టుకుంటాను.

చాలామంది పొరపడేది దీని తర్వాత. చేత్తో తిప్పుతున్నప్పుడు నూనె ఒత్తిడి ఉండదు. అంటే రాకర్లను (లోబు ఒత్తిడిని వాల్వుకు అందించే చేతులను) కలిపి పట్టే వీటెక్ పిన్నులు జరగవు, రాకర్లు చిన్న లోబుల మీదే నడుస్తాయి. మట్టి మీద పడేది చిన్న లోబు అచ్చు. "బోలెడంత సందు ఉంది" అని సంతోషపడి బిగించేస్తే, రోడ్డు మీద 5800 దగ్గర ఎత్తైన లోబు పట్టుకున్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. వీటీసీ కూడా అంతే. విశ్రాంతిలో దాని గేరు పూర్తిగా వెనక్కి లాక్ అయి ఉంటుంది. ఇంటేక్ వాల్వుకు ప్రమాదం వచ్చేది అది ముందుకు జరిగినప్పుడు. కాబట్టి కొలిచేటప్పుడు కంప్రెసర్ గాలితో పిన్నులు జరిపి రాకర్లను కలిపి పట్టాలి, వీటీసీని పూర్తిగా ముందుకు తిప్పి ఉంచాలి. అప్పుడు దొరికిన కొలతే కొలత. సందు చాలకపోతే వీటీసీ ఎంత జరగాలో ట్యూనింగ్‌లో మాత్రమే కట్టడి చేసి వదిలేయకుండా, గేరుకే అడ్డు పెట్టించుకోవడం నయం. కంప్యూటర్ పొరపాటు చేయవచ్చు, ఇనుప అడ్డు చేయదు.

గాస్కెట్ మాత్రం 87 మి.మీ. బోరుకు తగ్గది వాడండి. 86 మి.మీ. గాస్కెట్ అంచు సిలిండర్‌లోకి తొంగి చూస్తే ఎర్రగా కాలి, నాక్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది.

కొత్త తరాల సంగతి

2008 తర్వాతి అకార్డ్, 2012–2015 సివిక్ ఎస్‌ఐ ఇంజన్లు చూసి "ఇవి కొత్తవి కదా, మేలు కదా" అంటారు. సివిక్ ఎస్‌ఐలోని కే24జెడ్7 మంచి ఇంజనే. 201 హార్స్‌పవర్, 230 నూటన్ మీటర్లు. కానీ ఎగ్జాస్టు మానిఫోల్డు హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. బయటికి ఒకటే రంధ్రం. నాలుగు గొట్టాల ఎగ్జాస్టు హెడ్డర్ బిగించే చోటే లేదు. టర్బో పెట్టేవాళ్లకు ఫరవాలేదు. టర్బో లేకుండా ఊపిరి మీద నడిపేవాళ్లకు అది గొంతు నొక్కినట్టే. 2013 అకార్డ్‌తో వచ్చిన కే24డబ్ల్యూ అయితే సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు చిమ్మే రకం. అధిక ఒత్తిడి పంపు, వేరే కంప్యూటర్, వేరే తలనొప్పులు. పాత సివిక్‌కు వద్దు.

ఇంజను కాని ఖర్చులు

ఇంజను ధర చూసి బడ్జెట్ వేసుకుంటే సగం దారిలో పని ఆగిపోతుంది. పాత సివిక్‌లో కే సిరీస్ కూర్చోవడానికి మౌంటు కిట్టు, వేరే యాక్సిల్స్, గేరు కేబుళ్లు, ఆ బండి కోసం మలిచిన హెడ్డర్, వైరింగ్ అన్నీ కొనాలి. గేర్‌బాక్సు ఆర్‌ఎస్‌ఎక్స్ టైప్-ఎస్ ఆరు గేర్లది గానీ, 2006 తర్వాతి సివిక్ ఎస్‌ఐది గానీ తీసుకోండి. రెండోదానిలో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించేది) ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ముందు చక్రాల బండిలో 225 నూటన్ మీటర్ల టార్కుకు దాని విలువ మొదటి వానలోనే తెలుస్తుంది.

టీఎస్‌ఎక్స్ థ్రాటిల్ వైరు మీద నడిచేది, కేబులు లేనిది. పాత సివిక్ పెడల్‌కు కేబులు ఉంటుంది. కాబట్టి ఆర్‌ఎస్‌ఎక్స్ తరహా కేబులు థ్రాటిల్, 2002–2004 టైప్-ఎస్ కంప్యూటర్‌లో హోండాటా కే-ప్రో (ట్యూనింగు మార్చుకోనిచ్చే బోర్డు) పెట్టుకోవడం ఎక్కువమంది నడిచిన బాట. ట్యూనర్ దగ్గర డైనో (ఇంజను బలం కొలిచే యంత్రం) మీద గడిపే నాలుగైదు గంటలకు డబ్బు ముందే పక్కన పెట్టండి. కంప్రెషన్ పెంచే ముందు మీ ఊళ్లో దొరికే పెట్రోలు చూసుకోండి. టెక్సస్‌లో 93 ఆక్టేన్ దొరుకుతుంది, కాలిఫోర్నియాలో సాధారణంగా 91తో సరిపెట్టుకోవాలి. ఒకే ఇంజను, ఒకే ట్యూన్ రెండు చోట్లా నడవదు.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో పెట్టే ఇంజను బండి తయారైన సంవత్సరం కన్నా పాతది కాకూడదు, దాని ఉద్గార సామగ్రి మొత్తం ఉండాలి, రాష్ట్రం పెట్టిన రెఫరీ (పరీక్షకుడు) చూసి ముద్ర వేయాలి. ఆ లెక్కన 1998 సివిక్‌కు 2004 ఇంజను సంవత్సరం విషయంలో సరిపోతుంది, సామగ్రి తీసేస్తే మాత్రం సరిపోదు. టెక్సస్‌లో ఉద్గార పరీక్ష ఉన్న కౌంటీల్లోనూ 24 ఏళ్లు దాటిన బండికి ఆ పరీక్ష లేదు. మావాడి అదృష్టం అది.

హైదరాబాద్ నుంచి కొందరు అడుగుతుంటారు, అక్కడ అకార్డ్ 2.4లో వచ్చింది కూడా కే24 కుటుంబమే కదా, తీసి పాత హోండా సిటీ కారులో పెట్టవచ్చా అని. ఇంజను కూర్చోబెట్టగలిగే చేతులు విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాయి, నాకు అనుమానం లేదు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పూ ఉంది. ఆర్సీలో ఎక్కని ఇంజనుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా అడిగేది ఇంజను నంబరే. అక్కడ రోడ్డు మీద తిరిగే బండికి ఈ పని చేయమని నేను చెప్పను.

మావాడికి ఏం చెప్పాను

గిర్రున తిరిగే కే20 గొంతు కోసం ప్రాణమిచ్చేవాళ్లు, నెలకోసారి ట్రాక్‌కు వెళ్లేవాళ్లు కే20ఏ2 గానీ కే20జెడ్3 గానీ పూర్తి ఇంజనుగా తీసుకోండి. దాన్ని విప్పనక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే సీఆర్-వీ బ్లాకు పడి ఉన్నవాళ్లు, లేత్ షాపుతో స్నేహం ఉన్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు కలిపి కట్టుకోండి. మిగతా పదిమందిలో ఎనిమిదిమందికి టీఎస్‌ఎక్స్ కే24ఏ2 ఉన్నది ఉన్నట్టుగా పెట్టుకోవడమే నా సలహా. మావాడికీ అదే చెప్పాను. మొదట మొహం మాడ్చుకున్నాడు. "పెదనాన్నా, ఇందులో నేను చేసింది ఏముంది మరి?" అన్నాడు. "పంపు మార్చు. ఆ ఒక్క పనికే నీకు రెండు శనివారాలు పడతాయి" అన్నాను.

మూడు పట్టాయి. పంపుకు అడ్డొచ్చిన బ్లాకు అంచును గ్రైండ్ చేసే ముందు క్రాంకు చుట్టూ తడి గుడ్డలు కుక్కమన్నాను. కుక్కాడు, కానీ ఒక మూల వదిలేశాడు. స్ప్రింగులు మార్చాం, క్యామ్‌లు ముట్టుకోలేదు, పరిమితి 7200 దగ్గర పెట్టి నడపమన్నాను. మొదటి 500 మైళ్లకు ఆయిల్ ఫిల్టర్ తీసి, డబ్బా కోసి, మడతల కాగితాన్ని విప్పి ఎండలో పట్టుకున్నాం. సన్నని మెరుపు రవ్వలు కనిపించాయి. వాడి మొహం పాలిపోయింది. అయస్కాంతం తెచ్చి ఆనించాను, ఒక్కటీ అంటలేదు. రంగు చూస్తే రాగి కాదు, వెండి తెలుపు. గ్రైండర్ కింద రాలిన అల్యూమినియమే. నూనె పారబోసి కొత్తది పోశాం. ఇంకో 500 మైళ్ల తర్వాత కోసిన ఫిల్టర్‌లో నలుపు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రమే పరిమితిని 7600కు జరిపాం.